వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతోంది, దానికి తోడు కీచు చప్పుడు. ఇంజను విప్పాల్సిందేనా?

నల్లమల_లారీ
2004 మోడల్ ఆరు టైర్ల లారీ. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను, టర్బో ఉంది. డీజిల్ కొట్టే పంపు పాతకాలపు వరస పంపు, ఎలక్ట్రానిక్ గొడవ ఏమీ లేదు. బేతంచెర్లలో బండలు ఎత్తుకొని నంద్యాల, గిద్దలూరు ఘాటు మీదుగా మార్కాపురం వస్తుంటాను. బండి నా చేతికి వచ్చి మూడేళ్లు.

రెండు నెలలుగా రెండు బాధలు. పొద్దున స్టార్టు చేయగానే ప్రెషర్ ముల్లు 4 బార్ మీద నిలబడుతుంది. ఘాటు ఎక్కి దిగి గిద్దలూరులో టీకి ఆపితే, ఐడ్లింగులో అర బార్ దగ్గర వణుకుతూ ఉంటుంది. ఎర్ర లైటు మినుకుమినుకుమంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే లేచి 2 దగ్గరికి వస్తుంది. ఇది మొదటి బాధ. రెండోది చప్పుడు. బండి నిలబడి ఉన్నప్పుడు ముందువైపు నుంచి పిచ్చుక పిల్లలు అరిచినట్టు కిచకిచ. కదిలాక గుంతల్లో ఇంకో రకం, తుప్పు పట్టిన గేటు తీసినట్టు కిర్రుమని.

మా ఊరి ఫిట్టరు చెవి పెట్టి విని, "బేరింగులు పోయాయి, ఆ అరుపు వాటిదే, ఇంజను దించుదాం" అన్నాడు. లక్షన్నర అవుతుందట. ఆయిల్ మార్చి 6,000 కిలోమీటర్లే అయింది, 15డబ్ల్యూ40 రకం పోశాను. చుక్క కూడా తాగలేదు, డిప్‌స్టిక్ చూస్తే పోసినప్పటికంటే నిండుగానే ఉంది. పొగ లేదు, లాగుడు తగ్గలేదు. అలాంటి ఇంజను విప్పాలంటే మనసు రావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

చిలకలూరిపేట_స్టీరింగ్
బేరింగు పోతే కిచకిచమనదు, లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు దబదబలాడుతుంది. ముందు ఆ ఫిట్టరు చెవికి ఓవరాలింగు చేయించండి.

గ్రీజుగన్
గుంతల్లో వచ్చే కిర్రు కమాన్ కట్టలది, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీలది. పందెం. ఇంజనుకూ దానికీ సంబంధమే లేదు. కమాన్ చివర వేలాడే షాకిలు పిన్నులకు గ్రీజు కొట్టి ఎన్నాళ్లయింది?

నల్లమల_లారీ
పదిహేను రోజులకోసారి క్లీనర్ కుర్రాడు కొడుతున్నాడు అన్నా.

గ్రీజుగన్
కొడుతున్నాడు సరే, లోపలికి పోతోందా? పాత గ్రీజు అవతలి అంచు నుంచి బయటికి రావాలి. గ్రీజు ఎక్కించే నిప్పుల్ దగ్గరే ముద్దగా పేరుకుంటే అది పిన్నుకు బొట్టు పెట్టడమే.

క్లీనర్_నుంచి_ఓనర్
ఇంత ఆలోచన ఎందుకు? ఈసారి ఇంకా చిక్కటి 20డబ్ల్యూ50 పోసి, దాంతో నూనెను చిక్కబరిచే మందు ఒక డబ్బా కలపండి. ముల్లు దానంతట అదే లేస్తుంది. నా బండి 2001 మోడల్, మూడేళ్లుగా ఇలాగే నడుపుతున్నాను. చుక్క ఆయిల్ తాగదు. ఆయిల్ తాగని ఇంజను రాజు లాంటిది, దాన్ని విప్పడం పాపం.

పాతబండి_బేరగాడు
పై మిత్రుడు చెప్పింది నేను కూడా చేస్తాను, కానీ బండి అమ్మే ముందు రోజు మాత్రమే.

క్లీనర్_నుంచి_ఓనర్
మీ దగ్గర బండి కొన్నవాళ్లు ఈ చర్చ చదవకుండా చూసుకోండి.

డాలస్_మెకానిక్
ముల్లును నమ్మకండి. ముందు సెన్సరు, వైరు. ఇక్కడ టెక్సస్‌లో నా పాత పికప్పు ట్రక్కుకు ఇలాగే ప్రెషర్ పడిపోయేది. సెన్సరు మరలకు చుట్టిన తెల్ల టేపు వల్ల ఎర్తు సరిగా అందడం లేదు. టేపు తీసేశాక ముల్లు లేచి కూర్చుంది. చిన్న పరీక్ష ఉంది. ఇగ్నిషన్ వేసి సెన్సరు వైరు పీకండి, ముల్లు సున్నాకు పడాలి. అదే వైరును బాడీకి తాకిస్తే చివరిదాకా పోవాలి. అలా జరిగితే మీటరు, వైరు మంచివి.

వైరింగ్_పని
డాలస్ గారూ, ఆ పరీక్ష ఇక్కడ చేస్తే పాపం ఈయన మంచి మీటరును పీకి పారేస్తాడు. మీ దగ్గర చాలా మీటర్లకు సున్నా ప్రెషరులో 240 ఓమ్‌లు, ముల్లు నిండితే 33. ప్రెషరు పెరిగే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. మన లారీల్లో ఎక్కువగా ఉండేది దానికి తలకిందులు: సున్నాలో 10 ఓమ్‌లు, నిండితే 180 దాకా. కాబట్టి ఇక్కడ వైరు పీకితే ముల్లు పైకి పోవాలి, బాడీకి తాకిస్తే సున్నాకు రావాలి.

టేపు సంగతీ అంతే. మీ బండిలో ఎర్తు చెడితే ముల్లు కిందికి పోతుంది, మన బండిలో పైకి పోతుంది. మన దగ్గర ముల్లు అబద్ధంగా కిందికి రావాలంటే వైరు ఎక్కడో ఛాసిస్‌కు రాసుకొని తోలు ఊడి ఉండాలి, లేదా సెన్సరే పోయి ఉండాలి.

డాలస్_మెకానిక్
ఒప్పుకున్నాను. సముద్రం దాటితే ముల్లు కూడా తిరగబడుతుందని తెలియదు.

నల్లమల_లారీ
చేసి చూశాను. వైరు పీకితే ముల్లు 10 దాకా పోయింది, బాడీకి తాకిస్తే సున్నా. వైరు మొత్తం తడిమాను, ఎక్కడా రాపిడి లేదు. కొత్త సెన్సరు వేస్తే సరిపోతుందా?

డిపో_మేస్త్రి
ఆగండి బాబూ, సెన్సరు కొనకండి. అదే డబ్బుకు కొంచెం కలిపితే ప్రెషర్ గేజీ వస్తుంది. ఆర్టీసీ డిపో వర్క్‌షాపులో 31 ఏళ్లు చేశాను. గేజీ తగిలించకుండా ఆయిల్ ప్రెషర్ గురించి మాట్లాడేవాడిని మా ఫోర్‌మన్ పక్కనే కూర్చోనిచ్చేవాడు కాదు.

సెన్సరు విప్పి ఆ రంధ్రంలో నూనె గేజీ బిగించాలి. 0 నుంచి 100 పీఎస్ఐ ఉన్నది చాలు. మర సైజు కుదరకపోతే లేత్ షాపులో అడాప్టరు చేసి ఇస్తారు. గొట్టం హైడ్రాలిక్‌దే వాడండి, ప్లాస్టిక్ పైపు వద్దు. వేడి నూనె ముఖాన చిమ్మితే ఆ తర్వాత ఈ చర్చ చదవడానికి మీకు కళ్లు ఉండవు. పరగడుపు లెక్క కాదు నాకు కావలసింది. ఘాటు ఎక్కి వచ్చాక, ఇంజను కాగి ఉన్నప్పుడు మూడు చోట్ల చూడండి: ఐడ్లింగులో, 1,000లో, 1,800 ఆర్‌పీఎంలో.

మోటు లెక్క ఒకటి ఉంది, వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ. మీలాంటి ఆరు సిలిండర్ల ఇంజనుకు కాగిన ఐడ్లింగులో 10, పూర్తి వేగంలో 30 అనేది అడుగు గీత. దానికంటే కింద ఉంటే వెతకాలి. మీ ముల్లు చెప్పే అర బార్ అంటే 7 పీఎస్ఐ. నిజమైతే ఆ బండిని ఘాటు ఎక్కించకూడదు.

ఎర్ర లైటుకు వేరే స్విచ్ ఉంటే ముల్లూ లైటూ రెండూ కలిసి అబద్ధం చెప్పడం అరుదు. కొన్నిటిలో రెండూ ఒకే సెన్సరులో ఉంటాయి, అది చూసుకోండి.

కిచకిచ గురించి: దాన్ని ప్రెషరుతో ముడిపెట్టకండి. విడిగా పట్టుకుందాం. రెండు దొంగతనాలు జరిగిన ఊళ్లో దొంగ ఒక్కడే అయి తీరాలని లేదు.

చిలకలూరిపేట_స్టీరింగ్
కిచకిచకు నీళ్ల పరీక్ష చేయండి. ఐడ్లింగులో ఉండగా సీసాతో ఫ్యాన్ బెల్టు లోపలి వైపు కొంచెం నీళ్లు చల్లండి. అరుపు పెరిగితే బెల్టు వదులై జారుతోంది. ఆగిపోయి కాసేపటికి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒకే వరసలో లేవు. ఏ మార్పూ లేకపోతే బెల్టు కాదు, వాటర్ పంపు బేరింగో ఆల్టర్నేటర్ బేరింగో.

మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టి చేయండి. మా క్లీనరు తువ్వాలును ఫ్యాను లాక్కుంది. తువ్వాలుతో పోయింది, అదృష్టం.

గ్రీజుగన్
ఆపి ఉన్నప్పుడు వచ్చే అరుపు క్లచ్ పెడల్ మీద కొంచెం కాలు పెట్టగానే మారితే క్లచ్ రిలీజ్ బేరింగు అని కూడా గుర్తు పెట్టుకోండి. నేను దానికోసం రెండు ఫ్యాన్ బెల్టులు మార్చాను.

నల్లమల_లారీ
నాలుగు రోజులు పట్టింది, ఇప్పటికి లెక్కలు తెచ్చాను. గేజీ, అడాప్టరు, గొట్టం కలిపి 1,400 అయింది.

చల్లగా: ఐడ్లింగు 58 పీఎస్ఐ.
ఘాటు దిగాక: ఐడ్లింగు 8, వెయ్యిలో 13, 1,800లో 26.

అంటే ముల్లు నిజమే చెబుతోంది. నాకు గుండె జారింది. క్లచ్ తొక్కినా కిచకిచలో తేడా లేదు. నీళ్లు చల్లితే అర నిమిషం ఆగింది, మళ్లీ మొదలైంది.

చిలకలూరిపేట_స్టీరింగ్
పుల్లీలు వరసలో లేవు. ఒక నూలు దారం క్రాంకు పుల్లీ ముఖానికి ఆనించి లాగి పట్టి చూడండి, ఏది ముందుకు వచ్చిందో ఏది వెనక్కి పోయిందో తెలుస్తుంది. ఇంజను ఆపి చూడండి, నేను చెప్పకపోయినా.

లేత్_శబ్దం
ప్రెషరుకు చిట్కా: రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద రెండు వాషర్లు పెట్టండి. 15 పీఎస్ఐ పెరగకపోతే నన్ను అడగండి.

డిపో_మేస్త్రి
అడుగుతున్నాను. రిలీఫ్ వాల్వు పని ఏమిటి? ప్రెషరు మరీ ఎక్కువైనప్పుడు తెరుచుకొని అదనపు నూనెను చాంబరులోకి, అంటే ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిలోకి, వదిలేయడం. 8 పీఎస్ఐ దగ్గర అది మూసుకొనే ఉంటుంది. మూసి ఉన్న తలుపుకు ఇంకో గడియ పెడితే ఇంట్లో బియ్యం పెరుగుతాయా? చెత్త అడ్డుపడి వాల్వు తెరుచుకొని ఉండిపోతే వేరే సంగతి. అప్పుడు విప్పి కడగాలి, వాషరు కాదు. మీరు పెట్టిన వాషర్ల వల్ల చల్లటి పొద్దున మాత్రం ప్రెషరు పెరుగుతుంది, ఫిల్టరు సీలు పగులుతుంది.

లేత్_శబ్దం
మా షాపులో అందరూ పెట్టించుకుంటారు.

డిపో_మేస్త్రి
మా ఊళ్లో అందరూ నిమ్మకాయ కూడా కడతారు.

క్లీనర్_నుంచి_ఓనర్
అందుకే 20డబ్ల్యూ50 అన్నాను.

పాతబండి_బేరగాడు
నిజంగా అడుగుతున్నాను. చిక్కటి నూనె పోస్తే తప్పేమిటి? మన ఎండలకు నప్పుతుంది కదా. మా నాన్న కాలంలో 40 నంబరు ఒక్కటే పోసేవాళ్లు.

డిపో_మేస్త్రి
ఎండకు నప్పదని నేను అనను. పాత ఇంజను, సందులు కాస్త పెరిగాయి, కారణం తెలుసు అంటే పోయవచ్చు. కారణం తెలియకుండా పోస్తే జ్వరం తగ్గలేదని థర్మామీటరును చన్నీళ్లలో ముంచడమే. గేజీలో అంకె పెరుగుతుంది, ఎందుకు పడిందో అలాగే ఉండిపోతుంది.

పంపుషాపు_మనిషి
మీరంతా ఒక మాట చదవకుండా దాటేశారు. నల్లమల అన్న మొదటి పోస్టులోనే రాశాడు: "చుక్క కూడా తాగలేదు, పోసినప్పటికంటే నిండుగానే ఉంది."

20 ఏళ్లు దాటిన టర్బో ఇంజను, బండల లోడుతో ఘాటు ఎక్కే బండి, 6,000 కిలోమీటర్లలో చుక్క తాగకపోవడం మంచి వార్త కాదు. కొంచెమైనా తాగుతుంది. తాగింది తాగుతూ ఉంటే పైన ఏదో వచ్చి కలుస్తోంది. నీళ్లు కలిస్తే నూనె పాలు పోసిన టీ రంగుకు మారుతుంది. మారకపోతే కలిసేది డీజిలే.

వరస పంపుకు కింద కామ్ ఉండే గది ఇంజను ఆయిల్‌తోనే తడుస్తుంది. పంపులో డీజిల్‌ను నొక్కే ప్లంజర్లు, అవి ఆడే బ్యారెళ్లు అరిగితే డీజిల్ వాటి పక్కనుంచి జారి ఆ గదిలోకి, అక్కడి నుంచి చాంబరులోకి పోతుంది. పంపు పక్కన ఉండి ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు స్పిండిలు అరిగినా అంతే. బయటికి చుక్క కూడా కారదు. పొగ రాదు, లాగుడు తగ్గదు. నూనె పలచబడుతుంది, ఇంజను కాగేసరికి నీళ్లలా అవుతుంది, ముల్లు పడుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రం 58 చూపించి మిమ్మల్ని మురిపిస్తుంది.

మూడు పనులు చేయండి. డిప్‌స్టిక్ మీద ఇప్పుడున్న మట్టానికి గీత పెట్టి 500 కిలోమీటర్ల తర్వాత చూడండి, బండి చదునుగా నిలిపి, ఆపాక పది నిమిషాలు ఆగి. రెండోది, ఒక చుక్క తీసి తెల్ల ఫిల్టరు కాగితం మీద వేసి రాత్రంతా ఉంచండి. నల్ల మచ్చ చుట్టూ పలచటి నూనె వలయం బాగా విచ్చుకుంటే డీజిల్. మూడోది వాసన. అయితే వాడిన డీజిల్ ఇంజను ఆయిల్ ఎప్పుడూ కొంత వాసన కొడుతుంది కాబట్టి ముక్కును ఒక్కదాన్నే సాక్షిగా పిలవకండి.

డిపో_మేస్త్రి
నిజమే. నేను చదివి కూడా దాటేశాను. పెన్షన్ తీసుకోవడం మొదలుపెట్టాక ఇలాగే అవుతుంది.

చిలకలూరిపేట_స్టీరింగ్
సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిల్ కారినా డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది కదా?

పంపుషాపు_మనిషి
దిగుతుంది. కానీ నాజిల్ కారితే ఆ సిలిండరు ఊరుకోదు. పొద్దున తెల్ల పొగో, లోడులో నల్ల పొగో, ఐడ్లింగులో కుంటుడో ఏదో ఒకటి చెబుతుంది. ఈయన బండి ఏమీ చెప్పడం లేదు. అందుకే నా అనుమానం పంపు మీద. నాజిళ్లు ఎలాగూ పంపుతో పాటు బెంచి మీద పెట్టి చూస్తారు.

గ్రీజుగన్
పంపుషాపు మనిషికి పంపు మీదే అనుమానం వచ్చింది. ఆశ్చర్యం.

పంపుషాపు_మనిషి
గ్రీజుగన్ గారికి కమాన్ల మీద వచ్చినట్టే.

నల్లమల_లారీ
ఇది చదివి నిన్న సాయంత్రం కాగితం మీద చుక్క వేశాను. పొద్దున చూస్తే మధ్యలో నల్ల బొట్టు, చుట్టూ పసుపు ఉంగరం రూపాయి బిళ్లకు రెట్టింపు సైజులో. పక్కనే కొత్త ఆయిల్ చుక్క వేసి పోల్చాను, అది అంత విచ్చుకోలేదు. డిప్‌స్టిక్ గీత చూడడానికి ఖాళీ బండితో ఒంగోలు వెళ్లి వచ్చాను. మట్టం చిటికెన వేలి గోరంత పైకి వచ్చింది. మూడు నెలలుగా నేను "ఇంజను ఎంత ఆరోగ్యంగా ఉంది" అని సంతోషించింది దీనికా?

పంపుషాపు_మనిషి
ఇక బండి కదల్చకండి. బేరింగులే కాదు, టర్బో కూడా ఇదే నూనె మీద తిరుగుతోంది. ఇంకో భయం ఉంది. మట్టం మరీ పెరిగితే పలచటి నూనె బ్రీదరు (ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) దారిలో గాలితో పాటు ఇంజనులోకే పోతుంది. అప్పుడు ఇంజను దాన్నే తాగి పరుగెత్తుతుంది. తాళం తిప్పినా, పంపు ఆపినా ఆగదు. గాలి దారి మూస్తేనే ఆగుతుంది.

డాలస్_మెకానిక్
ఇక్కడ ఒక పాత ట్రక్కు అలా పరుగెత్తడం కళ్లారా చూశాను. డ్రైవరు దిగి పారిపోయాడు. నేనైతే అతనికంటే ముందు పారిపోయాను.

క్లీనర్_నుంచి_ఓనర్
భయపెట్టకండి సార్. అందరి బండి అలా అవదు.

నల్లమల_లారీ
పంపు, నాజిళ్లు విప్పించి షాపుకు పంపాను. ఈ లోగా చప్పుళ్ల సంగతి తేలింది.

చిలకలూరిపేట అన్న చెప్పినట్టు దారం పట్టాను. ఆల్టర్నేటర్ పుల్లీ నాలుగు మిల్లీమీటర్లు ముందుకు వచ్చి ఉంది. ఏడాది కిందట దారిలో ఆల్టర్నేటర్ పోతే ఒక రోడ్డు పక్క షాపులో మార్పించాను. బ్రాకెట్టు వెనక ఉండాల్సిన వాషరు ముందు వేసి బిగించాడు. వాషరు వెనక్కి మార్చి, బెల్టు కొత్తది వేసి, పొడుగు వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగేలా బిగించాం. పంపు వచ్చాక స్టార్టు చేసి వింటాను.

చిలకలూరిపేట_స్టీరింగ్
ఒక్క వాషరు. ఫిట్టరు లక్షన్నర అన్నాడు.

గ్రీజుగన్
నా కమాన్లు?

నల్లమల_లారీ
మీదే గెలుపు. ముందు ఎడమ వైపు షాకిలు పిన్ను నిప్పుల్ మూసుకుపోయి ఉంది. కుర్రాడు గ్రీజు కొడుతున్న మాట నిజమే, అంతా బయటే.

గ్రీజుగన్
నిప్పుల్ మార్చి ఊరుకోకండి. బండి బరువంతా పిన్ను మీద ఉండగా గ్రీజు కొడితే వదులుగా ఉన్న వైపే పోతుంది, రాసుకునే వైపు ఎండిపోయే ఉంటుంది. ఛాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తండి, కింద దిమ్మలు వేయండి, కమాన్ వేలాడనివ్వండి. అప్పుడు గన్ను కొడితే పాత నల్ల గ్రీజు మొత్తం బయటికి వస్తుంది. పట్టీల మధ్యకు గ్రాఫైటు గ్రీజు. వాడిన ఇంజను ఆయిల్ పూయవద్దు, దుమ్ము అంటుకొని ఉప్పు కాగితంలా రాస్తుంది. రబ్బరు బుష్‌లు ఉంటే అవి కూడా ఉబ్బిపోతాయి.

పాతబండి_బేరగాడు
మా ఊళ్లో అందరూ వాడిన ఆయిలే పూస్తారు, డీజిల్ కలిపి మరీ.

గ్రీజుగన్
నల్లమల అన్న దగ్గర డీజిల్ కలిపిన ఆయిల్ సిద్ధంగా ఉంది, కావాలంటే కొనుక్కోండి.

డిపో_మేస్త్రి
నవ్వులు తర్వాత. నల్లమల గారూ, పంపు బాగై వచ్చాక కొత్త ఆయిల్ పోసి వెళ్లిపోదామని అనుకుంటున్నారేమో. చాంబరు దించండి. ఇంజను దించనక్కర లేదు, బండి కింద పడుకొనే చేయవచ్చు. ఎన్ని వేల కిలోమీటర్లు ఆ పలచటి నూనె మీద బండలు మోశారో మీకే తెలియదు. కనీసం రెండు కనెక్టింగ్ రాడ్ల బేరింగులు విప్పి చూడండి. బూడిద రంగు పూత నున్నగా ఉంటే అలాగే బిగించండి. కింద రాగి రంగు కనబడితే మార్చాలి. నూనె పంపు ముందుండే జల్లెడ, స్ట్రైనరు కూడా కడగండి.

చిలకలూరిపేట_స్టీరింగ్
మేస్త్రి గారూ, ఇది ఎక్కువ కాదా? ముందు ఆయిల్ మార్చి గేజీ చూడమనండి. అంకె బాగుంటే విప్పడం ఎందుకు? విప్పిన ప్రతి చోటా దుమ్ము పోతుంది, ప్యాకింగు కారుతుంది. కదిలించకుండా ఉన్న ఇంజను ఒక లాంటిది, కదిలించాక ఇంకో లాంటిది.

డిపో_మేస్త్రి
మీ మాటలో న్యాయం ఉంది. కారు అయితే నేనూ అదే చెప్పేవాడిని. ఇది 10 టన్నుల బండలతో ఘాటు దిగే బండి. రాడ్డు బయటికి వస్తే బ్లాకే పోతుంది. చాంబరు ప్యాకింగు ధరకు నాకు నిద్ర కొనుక్కోవడం ఇష్టం.

నల్లమల_లారీ
వారం తర్వాత రాస్తున్నాను.

పంపులో రెండు ఎలిమెంట్లు (ప్లంజరు, బ్యారెల్ జతలు) బాగా అరిగాయి, మిగతావీ అంతంత మాత్రమే, ఆరూ మార్చారు. ఫీడ్ పంపు స్పిండిలు కూడా లూజు. నాజిళ్లలో ఒకటి కొంచెం కారుతోంది, కాబట్టి చిలకలూరిపేట అన్న కూడా పూర్తిగా తప్పు కాదు.

చాంబరు దించాం. స్ట్రైనరు జాలీలో ఎర్ర సిలికాన్ గమ్ ముక్కలు నాలుగైదు, గోరు సైజువి. ఇంతకుముందు ఎవరో ప్యాకింగు బదులు గమ్ పూసి బిగించారు, అంచు లోపలికి ఊడి పడింది. రెండు రాడ్ల బేరింగులు విప్పమన్నారు, భయమేసి ఆరూ విప్పించాను. 3, 5 నంబర్లలో రాగి కనబడింది. క్రాంకు కొలిపిస్తే అరుగుదల లేదు, అసలు సైజు బేరింగులే ఆరు జతలు కొత్తవి వేశాం. పంపు, నాజిల్, బేరింగులు, ఆయిల్, ఫిల్టర్లు, కూలి అంతా కలిపి 46,000 దాటింది. లక్షన్నర కాలేదు కానీ నా దృష్టిలో చిన్నదేమీ కాదు.

నిన్న 9 టన్నులతో ఘాటు దిగాను. కాగిన ఐడ్లింగులో 19. 1,800లో 47. ఆయిల్ అదే 15డబ్ల్యూ40.

కిచకిచ లేదు. కమాన్ కిర్రు లేదు. ఇప్పుడు క్యాబిన్‌లో ఏదో చిన్న చప్పుడు వినబడుతోంది, ఇదివరకు ఆ గోలలో వినబడలేదు.

గ్రీజుగన్
అది సీటు. వదిలేయండి, ఆ మాత్రం చప్పుడు లేకపోతే రాత్రి ఘాటులో నిద్ర వస్తుంది.

లేత్_శబ్దం
వాషర్లు లేకుండానే పెరిగింది, సరే. కానీ స్ట్రైనరులో గమ్ ముక్కలు ఉన్నాయి కదా, ప్రెషరు వాటి వల్లే పడిందేమో. పంపు డబ్బు వృథా కాలేదా?

డిపో_మేస్త్రి
మంచి ప్రశ్న, ఈసారి. స్ట్రైనరు మూసుకుపోతే పొద్దున నూనె చిక్కగా ఉన్నప్పుడే ముందు ఇబ్బంది పడుతుంది, ముల్లు ఆలస్యంగా లేస్తుంది, వేగం పెంచిన కొద్దీ తడబడుతుంది. ఈయనకు చల్లగా 58 వెంటనే వచ్చింది. నాలుగు ముక్కలు అప్పటికి అడ్డం కాలేదు, ఇంకో ఏడాదికి అయ్యేవి. మట్టం పెరగడానికి గమ్ కారణం కాదు కదా.

పంపుషాపు_మనిషి
నల్లమల అన్నా, గీత ఉంచండి. 2,000 కిలోమీటర్లకు మట్టం ఎంత ఉందో ఇక్కడ రాయండి. ఈసారి కొంచెం తగ్గితే సంతోషించండి.

నల్లమల_లారీ
2,300 అయింది. గీతకు సన్నగా ఒక నూలు పోగంత కింద ఉంది. గేజీని తీసేయలేదు, డ్యాష్‌బోర్డు పక్కన బిగించుకున్నాను. మా ఫిట్టరు చూసి "ఇదెందుకు, నన్ను అడిగితే చెప్పేవాడిని కదా" అన్నాడు.

క్లీనర్_నుంచి_ఓనర్
ఇప్పుడే మా బండి డిప్‌స్టిక్ తీసి చూసి వచ్చాను. పై గీత దాటి రెండు వేళ్లు ఉంది. పంపుషాపు అన్నా, మీ షాపు ఆదివారం తెరుస్తారా?